ఓడిపోయే జట్టూ, అమ్మమ్మ వంటా

ఆటల గురించి రాయడానికి నేనెవర్నండీ! క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో మా వారు నలభై ఏళ్ళు చెప్పారు, నలభై ఏళ్ళూ నేను బుద్ధిగా తలూపాను, ఇప్పటికీ తెలియదు. ఫుట్‌బాల్ అంటారా, మన హైదరాబాదు రహీం గారి పేరూ, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తయారుచేసిన జట్టు నాలుగో స్థానం తెచ్చుకుందన్న మాటా తప్ప నాకింకేం తెలియదు. అలాంటిదాన్ని అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మీదా, దానికి ముడిపెట్టిన పండగ మీదా, ఆ రెండూ కలిపి తీసిన ఓ పిల్లల బొమ్మల సినిమా మీదా విమర్శ రాయబోతున్నాను. ఆ హక్కు నాకుందో లేదో చదివి మీరే చెప్పండి.

2022లో ఆరు నెలలు మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వాళ్ళుండేది డెట్రాయిట్ నగరం పక్కన. కార్ల కంపెనీల ఊరు కదా, ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బోలెడుమంది. నవంబరు వచ్చేసరికి చెట్లన్నీ బోడులైపోయి, సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోతుంటే, నాకు ఏమీ తోచక దిగులు పుట్టేది. అలాంటి రోజుల్లో వచ్చింది థాంక్స్‌గివింగ్ పండగ. ఏటా నవంబరులో నాలుగో గురువారం. ఎక్కడెక్కడి పిల్లలూ ఇల్లు చేరతారు, టర్కీ కోడిని వండుకుంటారు, గుమ్మడికాయతో తీపి చేసుకుంటారు. మన సంక్రాంతి లాంటిదే అనుకోండి. కొత్త పంట ఇంటికొచ్చిన సంతోషమే మూలం.

కానీ డెట్రాయిట్‌లో ఆ పండక్కి ఇంకో అంగం ఉంది. ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఊరి జట్టు ఫుట్‌బాల్ ఆడాలి. ఊరంతా చూడాలి. సాధారణంగా, ఊరంతా ఏడవాలి.

నవ్వకండి, ఇది ఎగతాళి కాదు, చరిత్ర. 1934లో జార్జి రిచర్డ్స్ అనే రేడియో స్టేషను యజమాని, ఒహైయో రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊరి జట్టుని కొనుక్కొచ్చి, డెట్రాయిట్‌లో పెట్టి, లయన్స్ అని పేరుపెట్టాడు. సింహాలన్నమాట. ఊళ్ళో జనమంతా బేస్‌బాల్ వెంట తిరుగుతున్నారు, ఈ సింహాలకేసి చూసేవాడు లేడు. పండగనాడు ఆట పెడితే జనం వస్తారని ఆయన ఓ ఎత్తు వేశాడు. తనకున్న పలుకుబడితో దేశంలో 94 రేడియో స్టేషన్లలో ప్రసారం ఏర్పాటు చేయించాడు. 26 వేల మంది పట్టే మైదానం నిండిపోయింది. చికాగో బేర్స్‌తో ఆట. ఫలితం ఏమిటంటారా? చికాగో 19, సింహాలు 16. మొదటి పండగే ఓటమితో మొదలైంది! మధ్యలో 1939 నుంచి 1944 దాకా ఆరేళ్ళు తప్పిస్తే, ఆనాటినుంచీ ఏ పండగా ఆట లేకుండా గడవలేదు.

మరీ ఎప్పుడూ ఓడిపోయారనుకోకండి. 1935లో, 1952లో, 1953లో, 1957లో వాళ్ళే దేశానికి విజేతలు. ఆ తరవాతే వచ్చింది గ్రహచారం. 1958లో తమ గొప్ప ఆటగాడు బాబీ లేన్‌ని వేరే జట్టుకి ఇచ్చేశారు. వెళుతూ వెళుతూ ఆయన యాభై ఏళ్ళదాకా మీరు గెలవరని శపించాడని ఓ కథ చెప్పుకుంటారు. నిజంగా అన్నాడో, జనమే కల్పించుకున్నారో గాని, సరిగ్గా యాభై ఏళ్ళకి, 2008లో, పదహారు ఆటలాడి పదహారూ ఓడిపోయారు. ఆ లీగులో అంతకుముందు పదహారుకి పదహారూ పోగొట్టుకున్న జట్టే లేదట. శాపాలు మన పురాణాల్లోనే అనుకుంటాం, కార్ల ఫ్యాక్టరీల ఊళ్ళో కూడా ఉంటాయి కాబోలు! 1957 తరవాత ఆఖరి పోటీల దాకా వెళ్ళి గెలిచింది నేను అక్కడికి వెళ్ళేనాటికి ఒకే ఒక్క ఆట. అదీ 1992 జనవరిలో.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. వాడు ఆ ఊళ్ళోనే పుట్టాడు. అందుకని వాడు కూడా సింహమే.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై దాటినావిడ. పండగనాడు మా అందర్నీ భోజనానికి పిలిచింది. మేం శాకాహారులమని ఆవిడకి తెలుసు. మా అమ్మాయి పులిహోరా, క్రాన్‌బెర్రీ పచ్చడీ చేసి పట్టుకెళ్ళింది. వాకిట్లో అడుగుపెట్టగానే చూశాను, హాల్లో టీవీకి ఎదురుగా ఓ పాత వాలుకుర్చీ, దాని చేతిమీద నీలంరంగు టోపీ. ఎవరూ అందులో కూర్చోలేదు. వాళ్ళాయనదని అర్థమైంది. ఆయన 2015లో పోయాడట.

మీకు ఆట వర్ణించి విసిగించను. బఫెలో జట్టుతో ఆట. ఇంకా ఇరవై మూడు సెకన్లే ఉన్నాయనగా మనవాళ్ళు ఇరవై అయిదుకి ఇరవై అయిదు చేశారు. ఇల్లంతా కేకలు. నేను కూడా, ఎందుకో తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఇరవై మూడు సెకన్లలో ఏం జరుగుతుంది, అనుకుంటాం కదా? పోపులో ఆవాలు చిటపటలాడే పాటి వ్యవధి! ఆ వ్యవధిలో అవతలివాళ్ళు బంతి అంత దూరం తీసుకొచ్చి, రెండు సెకన్లు మిగిలుండగా గోల్‌లోకి తన్నేశారు. 28-25. పండగనాడు వరసగా ఆరో ఏడు ఓటమి.

మా మనవడు ఏడ్చాడు. ఊరుకోబెడదామని, "పోనీలేరా నాన్నా, గెలిచే జట్టేదో చూసుకుని అందులో చేరిపో, ఎవరు కాదన్నారు?" అన్నాను.

వాడు ఏడుపాపి నాకేసి అదోలా చూశాడు. "అలా మార్చకూడదు అమ్మమ్మా. అది చీటింగ్" అన్నాడు.

మా అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెబితే పక్కింటావిడ పకపకా నవ్వింది. "మా అమ్మ కూడా 1961లో నాకిదే సలహా ఇచ్చింది, అయితే అది జట్టు గురించి కాదు, మా ఆయన గురించి" అంది. లెక్క చూడండి. ఆవిడ పెళ్ళి 1961లో. జట్టు కడసారి గెలిచింది 1957లో. ఆ కాపురం మొత్తం మీద ఒక్క కప్పూ రాలేదు. వదిలేసి పోవాలని ఆవిడకీ తోచలేదు, ఆయనకీ తోచలేదు.

గిన్నెలు సర్దేటప్పుడు వంటింట్లో నా పక్కన నిలబడి ఆవిడ ఇంకో మాట చెప్పింది. అప్పటినుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. వాళ్ళ ఆటకి నాలుగు భాగాలు. రెండు అయ్యాక విరామం. ఆ విరామంలో కోడిని పొయ్యిలోంచి తీయాలి. మూడో భాగం నడుస్తుండగా పులుసు కాచి, దుంపలు మెదిపి, బల్లమీద అన్నీ అమర్చాలి. ఆట అయిపోగానే భోజనం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ వేళలు మారలేదు. "యాభై నాలుగేళ్ళలో పండగ ఆటలో మూడో భాగం నేనొక్కసారీ చూడలేదు. వంటింట్లోంచి కేకలు వినేదాన్ని. అవి మంచి కేకలో, చెడ్డ కేకలో మాత్రం గుర్తుపట్టేదాన్ని" అంది. ఆయన పోయాక వచ్చిన మొదటి పండక్కి, పిల్లలందర్నీ తలా ఒకటి వండి తెమ్మని, తను కూర్చుని మూడో భాగం చూసిందట. "ఎలా ఉంది?" అని అడిగాను. "మిగతా వాటిలాగే ఉంది, కానీ చూశాను" అంది.

ఇహ సినిమా సంగతి. ఆ సాయంత్రం మా మనవణ్ణి ఉత్సాహపరచడానికి మా అల్లుడు గారు టీవీలో 'ఎ చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్' పెట్టారు. చార్లెస్ షుల్జ్ అనే ఆయన యాభై ఏళ్ళపాటు పత్రికల్లో గీసిన 'పీనట్స్' బొమ్మల కథల్లోంచి తీసింది, 1973లో వచ్చింది. అరగంటలోపే అయిపోతుంది. చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడు ఏ పని చేసినా ఓడిపోతాడు. లూసీ అనే గడుసుపిల్ల ఫుట్‌బాల్ నేలమీద పట్టుకుని, వచ్చి తన్నమంటుంది. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి తన్నబోయేసరికి లాగేస్తుంది. వాడు వెల్లకిలా పడతాడు. ప్రతిసారీ ఇంతే. ఈ సినిమాలో వాడు ముందు ఒప్పుకోడు. అప్పుడా పిల్ల ఏం చేసిందనుకున్నారు? పండగనాడు ఫుట్‌బాల్ తన్నడం మన సంప్రదాయం కదా, అంటుంది. సంప్రదాయం అన్న మాట వినగానే వాడు మెత్తబడతాడు, పరుగెత్తుతాడు, పడతాడు.

చెప్పొద్దూ, నాకు నవ్వు రాలేదు. 'సంప్రదాయం' అన్న ఒక్క మాటతో మనల్ని ఎన్నిసార్లు పరుగెత్తించి పడేశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ మాత్రం షుల్జ్ గారికి నమస్కారం పెట్టాను. పిల్లల సినిమాలో అంత నిజం చెప్పిన పెద్దమనిషిని తప్పుపట్టలేం.

తరవాత కథ ఇది. పెప్పర్‌మింట్ పాటీ అనే పిల్ల తనంతట తనే భోజనానికొస్తానంటుంది, ఇంకో ఇద్దర్ని కూడా వెంటబెట్టుకొస్తుంది. చార్లీ బ్రౌన్‌కి కాదనడం చేతకాదు. వాడూ, వాడి కుక్క స్నూపీ కలిసి కాల్చిన రొట్టెముక్కలూ, పేలాలూ, మిఠాయి బిళ్ళలూ పెడతారు. ఆ పిల్ల 'ఇదా పండగ భోజనం!' అని ఎగిరిపడుతుంది. తరవాత తప్పు తెలుసుకుంటుంది. చివరికి వాడు వాళ్ళ అమ్మమ్మకి ఫోను చేస్తే, అందర్నీ తీసుకురమ్మంటుంది. కథ సుఖాంతం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, సినిమాలో నాకు రెండు విషయాలు నచ్చలేదు. మొదటిది, ఆ బల్ల దగ్గర కూర్చున్న తీరు. ఫ్రాంక్లిన్ అనే నల్లపిల్లవాడు బల్లకి ఓ పక్కన ఒక్కడే కూర్చుంటాడు. మిగతావాళ్ళందరూ రెండో పక్కా, చివర్లా సర్దుకుంటారు. షుల్జ్ గారు చెడ్డ ఉద్దేశంతో చేశారని నేననను. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన 1968లోనే, ఒక ఉపాధ్యాయురాలు ఉత్తరం రాసి అడిగితే, పత్రికలవాళ్ళు సణిగినా లెక్కచెయ్యకుండా ఆ పిల్లవాణ్ణి తన బొమ్మల్లోకి తెచ్చినవాడాయన. కానీ బంతిలో ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నది మన కళ్ళకి ముందు కనిపిస్తుంది, ఉద్దేశాలు తరవాత. పెళ్ళిళ్ళలో విస్తళ్ళు చూసి పెరిగినవాళ్ళం, మనకా సంగతి ఒకరు చెప్పాలా?

రెండోది ఆ అమ్మమ్మ. అప్పటికప్పుడు ఫోను చేస్తే అంతమంది పిల్లలకి వండిపెట్టిన ఆ అమ్మమ్మ సినిమాలో కనిపించదు! గొంతు కూడా వినపడదు. కుక్క రొట్టెలు కాల్చడం మాత్రం నిమిషాల తరబడి చూపించారు. అసలు వంట చేసిన మనిషిని చూపించలేదు. పిల్లల చిక్కు విడిపోవడానికి ఆవిడ వంట కావాలి గాని, ఆవిడ అక్కర్లేదు. కథ నడిపే ఒడుపులో ఇదో సుళువు. పండగ నడిపే ఒడుపులో కూడా ఇదే సుళువు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ పండగే ఒక ఆడమనిషి పట్టుదల వల్ల వచ్చింది. శారా జొసీఫా హేల్ అనే ఆవిడ, 1822లో భర్త పోతే, అయిదుగురు పిల్లల్ని పెంచడానికి కలం పట్టుకుంది. 'మేరీ హాడ్ ఎ లిటిల్ ల్యాంబ్' అని మన కాన్వెంటు పిల్లలు కూడా పాడే పాట 1830లో రాసింది ఈవిడే. 1837 నుంచి నలభై ఏళ్ళు ఆడవాళ్ళ పత్రికకి సంపాదకురాలు. అప్పట్లో ఏ రాష్ట్రం వాళ్ళు ఆ రాష్ట్రానికి తోచిన రోజున ఈ పండగ చేసుకునేవారు, కొన్నిచోట్ల అసలు లేదు. దేశమంతటికీ ఒకే రోజు ఉండాలని ఈవిడ సంపాదకీయాలు రాసింది, గవర్నర్లకి రాసింది, ఒకరి తరవాత ఒకరుగా అధ్యక్షులకి రాసింది. పదిహేడేళ్ళు. చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ విని ప్రకటించాడు. వారపత్రికల్లో ఆడవాళ్ళు రాసేవి ఎవరు పట్టించుకుంటారని ఈసారి ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

అంటే చూడండి, పండగ రోజు కుదిర్చింది ఒక వితంతువు. దానికి ఆట తగిలించింది ఒక రేడియో వ్యాపారి. 1939లో రూజ్‌వెల్టు దుకాణాల అమ్మకాల కోసమని దాన్ని ఒక వారం ముందుకి జరిపితే దేశం రెండుగా చీలింది. 1941లో చట్టం చేసి నాలుగో గురువారం అని ఖాయం చేశారు. సంప్రదాయం అంటే ఆకాశంలోంచి ఊడిపడిందని అనుకుంటాం. తీరా విప్పి చూస్తే ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరానికి, ఓ రోజు మొదలుపెట్టిందే. మొదలుపెట్టినవాళ్ళు మార్చగలిగినప్పుడు నడుపుకొస్తున్నవాళ్ళు మార్చకూడదా?

మా అల్లుడు గారి అలమరలో ఈ సింహాల మీదే ఓ పుస్తకం దొరికింది. జార్జి ప్లింప్టన్ 1966లో రాసిన 'పేపర్ లయన్'. ఈయన న్యూయార్కు రచయిత, సాహిత్య పత్రిక సంపాదకుడు. ఆట రానివాడు ఆటగాళ్ళ మధ్య నిలబడితే ఎలా ఉంటుందో చూద్దామని, 1963లో ఈ జట్టు శిక్షణ శిబిరంలో చేరాడు. చొక్కామీద అంకె కూడా సున్నా. అభ్యాసపు ఆటలో అయిదుసార్లు బంతి పట్టుకుంటే అయిదుసార్లూ వెనక్కే పోయాడు. పుస్తకం చాలా సరదాగా ఉంటుంది, తనమీద తనే నవ్వుకుంటాడు, ఆటగాళ్ళు మనుషుల్లా కనిపిస్తారు. నేను రెండు రాత్రుల్లో చదివేశాను.

కానీ మూసి పక్కన పెట్టాక ఓ అసంతృప్తి మిగిలింది. ప్లింప్టన్ గారు చుట్టపుచూపుగా ఓడిపోయాడు. ఓడిపోయి, సామాను సర్దుకుని, ఊరెళ్ళిపోయి పుస్తకం రాసుకున్నాడు. ఓటమి ఆయనకి కథ. నా పక్కన గిన్నెలు తుడిచిన ముసలావిడకి అది కథ కాదండీ, ఏటా వచ్చే గురువారం. ఓటమిని చూడ్డానికి వెళ్ళినవాడి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఓటమి ఇంట్లోనే ఉంటే, దానికి కూడా ఓ పళ్ళెం పెట్టి భోజనం వడ్డించినవాళ్ళ పుస్తకం ఇంకా నాకు కనపడలేదు.

అయితే నిష్ఠ అంటే నోరుమూసుకుని పడి ఉండటమేనా? ఈ ప్రశ్న మా అల్లుడు గారితోనే వాదించాను. "అంత ఓడిపోతుంటే జనం అడగరుటండీ?" అన్నాను. "ఎందుకడగరు అత్తయ్య గారూ!" అని ఆయన ఓ సంగతి చెప్పారు. 2005 డిసెంబరులో, జట్టు నిర్వాహకుణ్ణి తీసెయ్యమని ఊరేగింపు చేసి, అభిమానులు తమ నీలంరంగు మానేసి, అవతలి జట్టు రంగైన నారింజ బట్టలేసుకుని మైదానానికి వెళ్ళారట! అయినా 2008 దాకా ఆయన్ని తీయలేదు. జట్టు 1963 నుంచీ ఫోర్డు కార్లవారి ఇంటివాళ్ళది. 2014లో యజమాని పోతే, ఎనభై ఎనిమిదేళ్ళ ఆయన భార్య మార్తా ఫోర్డు బాధ్యత తీసుకుంది. 2020లో కూతురు షీలాకి అప్పగించింది. ఆటలు చూడనిదాన్నైనా అది విని సంబరపడ్డాను.

తిట్టినవాళ్ళూ వాళ్ళే, మళ్ళీ ఆదివారం టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళూ వాళ్ళే. మన ఇళ్ళల్లో కూడా చూడండి. కాపురాన్ని తిట్టిపోసే మనిషి ఒకతె ఉంటుంది. గడప దాటి వెళ్ళిపోయేది మాత్రం ఆవిడ కాదు, ఏనాడూ నోరెత్తనివాళ్ళు.

ఇంత విమర్శ చేశాను గదా, ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆ నవంబరులోనే మా మరిది తెనాలినుంచి ఫోను చేశాడు. "వదినా, మీరొక్కరూ అంత కొంపలో ఏం చేస్తారు? బిల్డరు మంచి ధర చెబుతున్నాడు. మనకి రెండు ఫ్లాట్లిస్తాడు. పండక్కి రావడం కూడా అందరూ మానేశారాయె" అన్నాడు. అబద్ధం ఏముంది? మా ఇంట్లో సంక్రాంతికి ఒకప్పుడు ఇరవై ఆరు విస్తళ్ళు లేచేవి. తరవాత పధ్నాలుగు. తరవాత తొమ్మిది. 2021లో నలుగురం. ఆ అంకెలు వరసగా రాస్తే మన సింహాల పాయింట్ల పట్టికలాగే ఉంటాయి. అయినా ప్రతి ఏడూ కొత్తబియ్యం నానబోసి, పిండి కొట్టించి, పాకం పట్టి, చెక్కలతో వత్తి రెండొందల అరిసెలు వండుతూనే ఉన్నాను. తినేవాళ్ళు లేక పక్కిళ్ళకి పంచుతూనే ఉన్నాను. ఎందుకు అని ఎవరైనా అడిగితే లూసీ చెప్పిన మాటే చెప్పేదాన్ని.

మా ఇంట్లో నలభై రెండేళ్ళు మొదటి బంతిలో నేను కూర్చోలేదు. కనుమనాడు వేడి గారె విస్తట్లో పడగానే తింటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. చల్లారాక ఎలా ఉంటుందో బాగా తెలుసు. పక్కింటావిడ మూడో భాగం గురించి చెబుతుంటే నాకు ఎందుకు గొంతు పట్టుకుందో ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను. ఆ సినిమాలో కనపడని అమ్మమ్మని నేనే.

సినిమా చివర్లో ఒక చమత్కారం ఉంది. పిల్లలంతా కారులో కూర్చుని, నదులూ అడవులూ దాటి అమ్మమ్మగారింటికి వెళుతున్నామని పాత పాట అందుకుంటారు. పాట అయ్యాక చార్లీ బ్రౌన్, అంతా బాగానే ఉందిగాని మా అమ్మమ్మ ఉండేది కాండోమినియంలో, అంటాడు. అంటే మన ఫ్లాటు. ఆ మాటకి మా మనవడు పకపకా నవ్వి, నావైపు తిరిగి, "అమ్మమ్మా, మీ ఇల్లు కూడా అలా అయిపోతుందా?" అన్నాడు. ఫోను సంగతి వాడు విన్నాడని అప్పుడు తెలిసింది. నేను జవాబు చెప్పలేదు. అంతటి సినిమాకి ఆ చివరి హాస్యం ఎందుకు, మనసు చివుక్కుమనేలా, అని ఆ రాత్రి షుల్జ్ గారిని తిట్టుకున్నాను కూడా.

2023 డిసెంబరులో, ఇల్లు ఇచ్చేద్దాం అని మా మరిదికి కబురు చెప్పాను. ఒక షరతు పెట్టాను. ఈ ఒక్క సంక్రాంతి పాత ఇంట్లో, అందరూ రావాలి, అందరూ వండాలి. పదిహేడుమంది వచ్చారు. మా మరిది జన్మలో మొదటిసారి అరిసెల చెక్కలు పట్టుకున్నాడు. వత్తిన వాటిలో సగం విరిగాయి. మా పెద్దవాడు పాకం ముదరబెట్టాడు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను, లేవబోతే కోడలు లేవనివ్వలేదు.

ఆ ఏడు సంక్రాంతి జనవరి 15, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నర దాటింది, ముగ్గుల్లో గొబ్బెమ్మలు పెడుతున్నారు, అమెరికానుంచి ఫోను. వాళ్ళకింకా ఆదివారం రాత్రి. మా మనవడి గొంతు, మాట కాదు, ఒకటే అరుపు. నా ప్రాణం పైకి పోయింది. వాడి చేతిలోంచి ఫోను లాక్కుని మా అమ్మాయి చెప్పింది, సింహాలు గెలిచాయట! లాస్ ఏంజిల్స్ మీద 24-23. ఒక్క పాయింటు. ఆఖరి పోటీల్లో ముప్ఫై రెండేళ్ళ తరవాత మొదటి గెలుపు. పక్కింటావిడ ఆ నీలం టోపీ తను పెట్టుకుని వాకిట్లో మంచులో నిలబడి ఉందిట. "మంచి కేకలా, చెడ్డ కేకలా అని అడగవే" అన్నాను మా అమ్మాయితో. అది నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది సినిమా అవుతుంది. రెండు వారాలకే శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుతో ఆటలో, సగం ఆటకి 24-7తో ముందుండి కూడా 34-31తో ఓడిపోయారు. 2024 పండగనాడు మాత్రం చికాగో మీద గెలిచి, వరసగా ఏడేళ్ళ పండగ ఓటమికి స్వస్తి చెప్పారు. ఆ ఏడు పదిహేను ఆటలు గెలిచి, తీరా 2025 జనవరిలో సొంత ఊళ్ళోనే ఆఖరి పోటీల్లో మొదటి ఆటకే ఇంటిదారి పట్టారు. 2025 పండగకి మళ్ళీ ఓటమే. మా మనవడు ఇప్పుడు ఏడవడు. "వచ్చే ఏడు చూద్దాం" అంటాడు, పెద్దవాడిలా.

తెనాలి ఇల్లు లేదు. ఇప్పుడు నేను ఉంటున్నది రెండో అంతస్తులో ఫ్లాటు. గొబ్బెమ్మలు వరండాలో సిమెంటు గచ్చు మీద పెట్టుకుంటున్నాం. అంచేత షుల్జ్ గారిమీద నేను చేసిన ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మమ్మ ఫ్లాటులో ఉన్నా పిల్లలు పాట ఆపకుండా వెళ్ళారు కదా. కనపడని వంట గురించిన ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను. అది అలాగే ఉంటుంది.

పోయిన కనుమకి మొదటి బంతిలో కూర్చున్నాను. వేడి గారె తిన్నాను. ఎలా ఉందంటారా? చల్లారినవాటికీ దానికీ పెద్ద తేడా ఏం లేదండీ. కానీ తిన్నాను. వచ్చే పండక్కి మీరు ఏ బంతిలో కూర్చుంటారో నాకో ఉత్తరం ముక్క రాయండి.